సున్నా గ్రాములు

సెలవులు మొదలయ్యాయంటే ఆ ఇంట్లో పొద్దున్నే తూకం మొదలయ్యేది. ఇంటాయన పార్సిల్ ఆఫీసులో తూకం గుమాస్తా. వీధిలో అందరూ తూకం సారు అనేవారు. ఆ పిలుపులో గౌరవం ఉందని ఆయనొక్కడే నమ్మేవాడు. సెలవుల్లో జనం ఒళ్ళు తెలియకుండా తిని రోగాలు తెచ్చుకుంటారని ఆయన బాధ. అందుకని ఆఫీసు వాళ్ళు పక్కన పడేసిన కాటా ఒకటి ఇంటికి తెచ్చి, భార్యకు ఉడికించిన కూరముక్కలు ఎనభై గ్రాములు, నానిన గింజలు ఇరవై గ్రాములు తూచి వడ్డించేవాడు. ఒక్క గింజ ఎక్కువైనా తీసి డబ్బాలో వేసేవాడు మహానుభావుడు.

తన సంగతి వేరు. ఆఫీసులో ఎవరు కేకు కోసినా మొదటి ముక్క ఆయనదే. బయట తిరిగే మగాడికి ఇట్టే అరిగిపోతుందట.

ఆవిడ ఆశల్లా ఒక్కటే, రెండు వీధుల అవతలున్న చెల్లెలింట్లో ఒక్కపూట కడుపారా తినాలని. మూడేళ్ళుగా అడుగుతోంది. అక్కడ నూనె, పంచదార తప్ప ఏముంటాయని ఆయన మూడేళ్ళుగా కొట్టిపారేస్తున్నాడు. పిలవడానికి వచ్చిన చెల్లెల్ని గుమ్మంలోనే నిలబెట్టి, కొవ్వు మీద అరగంట ఉపన్యాసం దంచి పంపేశాడు.

ఈసారి సెలవుల్లో రెండో వారానికి ఆవిడ పాదాలు నేలకు ఆనడం మానేశాయి. మొదట బెత్తెడు, తర్వాత జానెడు. పక్కింటావిడ తమ అటక మీది గిన్నెలు దింపిపెట్టమని ఆవిణ్ణి తీసుకెళ్ళింది. ఆయన పార్సిళ్ళు కట్టే పురికొస తెచ్చి భార్య నడుముకు చుట్టి, రెండో కొస కుర్చీకి ముడేశాడు. తన వైద్యం పనిచేస్తోందని తెగ మురిసిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆఫీసువాళ్ళను ఇంటికి పిలిచాడు. భోజనానికి కాదు, భార్యను చూడ్డానికి. పాపం, వాళ్ళే ఒక కేకు తెచ్చుకున్నారు. ఆయన ఆవిణ్ణి కిందికి లాగి కాటా మీద కూర్చోబెట్టాడు. నాలుగు గ్రాములు చూపించింది. ఆయన మొహం మాడిపోయింది.

"తాడు బరువు కలిసింది. ఇది తప్పుడు తూకం," అన్నాడు.

ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో తప్పుడు తూకం వెయ్యని మనిషి. తన చేత్తోనే ముడి విప్పేశాడు. కాటా సున్నా చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన వంగి దండం పెట్టి తలెత్తేసరికి ఆవిడ సీలింగు దగ్గరుంది, బాల్కనీ తలుపు వైపు మెల్లగా జరుగుతోంది.

అప్పుడు గాని తూకం సారుకు భయం పట్టుకోలేదు. కుర్చీ ఎక్కి, కేకు ముక్క పైకెత్తి పట్టుకున్నాడు.

"తినవే, ఒక్క ముక్కకి ఏమీ కాదు. కిందికి దిగుతావు."

పెళ్ళయ్యాక ఆయన తనంతట తాను ఆవిడకు తినమని చెప్పడం అదే మొదటిసారి. ఆవిడకు నోరూరింది. చెయ్యి కూడా చాచింది. కానీ ఆ ముక్క తింటే దిగేది ఈ గదిలోకే.

"వద్దండీ, ఆరోగ్యానికి మంచిది కాదు," అని చెప్పి బాల్కనీ దాటి వెళ్ళిపోయింది.

చెల్లెలు మేడ మీద బట్టలు ఆరేస్తూ అక్కను చూసింది. ఇంత ఆలస్యమేమిటని అడిగి, చెయ్యిపట్టి లోపలికి తీసుకెళ్ళి వడ్డించింది. మూడో పళ్ళానికి ఆవిడ పాదాలు నేలకు ఆనాయి. అప్పటికి ఆయన రొప్పుకుంటూ వచ్చి గేటు దగ్గర నిలబడి, ఇంటికి పోదాం రమ్మని పిలుస్తున్నాడు.

"బావగారొచ్చారక్కా, ఏం చెప్పమంటావు?" అంది చెల్లెలు.

"తింటున్నానని చెప్పు," అంది ఆవిడ.