ఏడో గడి

మొగుడికి మతిమరుపని ఆవిడ చాలాకాలం అందరికీ చెప్పుకుంది. ఏ గడ్డిపరక నిన్నటికంటే అర మిల్లీమీటరు పెరిగిందో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషికి మతిమరుపేమిటి? పెళ్ళాం కొత్త కళ్ళజోడు పెట్టుకుని మూడు వారాలుగా ఎదురుగా తిరుగుతున్నా కనపడలేదంటే, అది మతిమరుపు కాదు, మక్కువ తక్కువ.

వాతావరణం వేడెక్కితే పచ్చిక ఎలా మారుతుందో కనిపెట్టడం ఆయన పని. ప్రయోగశాలలో చోటు చాలక ఇంటి పెరట్లో కూడా పన్నెండు గడులు కట్టాడు, ఒక్కోటి చిన్న చాపంత. ఆరింటి చుట్టూ పైకప్పులేని ప్లాస్టిక్ గోడలు. లోపల బయటికంటే రెండు డిగ్రీల వేడి ఎక్కువ, అంటే మనవలు బతకబోయే వాతావరణం. మిగతా ఆరూ పోల్చి చూసుకోవడానికి ఉంచిన బోడి గడులు. చలి వెళ్ళగానే వేడి గడులు ముందు చిగురించేవి, బోడివి వెనక. మూడేళ్ళుగా ఇదే వరస. ఆ మూడేళ్ళ వ్యాసం అచ్చుకి సిద్ధంగా ఉంది.

చిక్కంతా ఏడో గడితో వచ్చింది. ఒకనాటి ఉదయం ఆయన దాని ముందు మోకాళ్ళ మీద వంగి, "ఇంత చలికీ తట్టుకున్నావే, నా బంగారం!" అనడం వంటింటి కిటికీలోంచి వినపడింది.

బంగారం! పెళ్ళైన కొత్తలో అది ఆవిడ పేరు. పదిహేనేళ్ళుగా ఎక్కడ పోయిందా అని చూస్తోంది. తీసుకెళ్ళి గడ్డికి పెట్టాడన్నమాట.

సవతి మనిషైతే జుట్టు పట్టుకోవచ్చు, గడ్డినేం చేస్తుంది? స్టవ్ మీద గుడ్లు ఉడికిన నీళ్ళు కనిపించాయి. ఆయన బూట్లు తొడుక్కుని, గడులన్నింటికీ ఇంకోసారి వీడ్కోలు చెప్పి గేటు దాటేదాకా ఆగి, గిన్నె తీసుకెళ్ళి ఏడో గడిలో కుమ్మరించింది. "చావు" అంది, మెల్లగా, మర్యాదగా.

వరండాలో కూర్చున్న అత్తగారు చూడనే చూసింది.

"వాడు చిన్నప్పుడు నన్నొదిలేసి చీమల వెనకాల తిరిగేవాడే అమ్మాయ్. ఒళ్ళు మండి ఓరోజు పుట్టలో నీళ్ళు పోశాను."

"ఏమైంది అత్తయ్యా?"

"తెల్లారేసరికి రెండు పుట్టలయ్యాయి."

కోడలు నవ్వింది గానీ మానలేదు. రోజూ పోసింది. ఆయన వెళ్ళేదాకా ఆగడంలోనే నీళ్ళు గోరువెచ్చనవుతున్నాయని ఆవిడకి తట్టలేదు. రెండు వారాలయ్యేసరికి ఏడో గడి చావలేదు సరికదా, వేడి గడులన్నింటికంటే ముందే పచ్చగా, ఒత్తుగా లేచి కిటికీవైపు చూసి పళ్ళికిలించినట్టు నిలబడింది.

ఆయన మురిసిపోతాడని, ఇంకో నాలుగు ముద్దుపేర్లు పెడతాడని పళ్ళు కొరుక్కుంటూ ఎదురుచూసింది. ఆయనేమో ముద్ద మింగకుండా నోట్‌బుక్ తిరగేస్తున్నాడు.

"అన్నం చల్లారిపోతోందండీ. ఏమైంది?"

"ఏడోది బోడి గడి. వేడి తగలకుండానే అన్నిటికంటే ముందు పచ్చబడింది."

"మంచిదేగా! మీ బంగారమేగా!"

ఎత్తిపొడుపు ఆయన చెవికెక్కలేదు. "వేడి వల్లే ముందు చిగురిస్తోందని మూడేళ్ళుగా అంటున్నాను. ఇదొక్కటీ కాదంటోంది."

"పన్నెండింట్లో ఒకటి. దాన్ని పక్కన పెట్టేయండి."

"నచ్చనిదాన్ని పక్కన పెడితే అది పరిశోధన కాదే." పేజీని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. "అవునూ, నీకు కళ్ళజోడుంది కదూ? ఓసారి ఇటివ్వు."

సంతోషించాలో ఏడవాలో తెలియక తీసి ఇచ్చింది. ఆయన పెట్టుకుని అంకెలన్నీ మళ్ళీ చూశాడు.

"ఇప్పుడు బాగా కనపడుతోంది. నేనే ఎక్కడో పొరబడ్డాను." లేచి ఫోన్ అందుకున్నాడు. "మా ప్రయోగశాల పెద్దాయనకి చెప్పేస్తాను, వ్యాసం ఆపేయమని."

ఆ కళ్ళజోడులో ఆయన మొహం పరీక్ష తప్పిన కుర్రాడిలా ఉంది. మూడేళ్ళు మంచులో, ఎండలో మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. వరండాలోంచి అత్తగారి దగ్గు వినిపించింది, కావాలని దగ్గిన దగ్గు.

ఆవిడ ఫోన్ లాక్కుంది.

"మీ లెక్క తప్పు కాదు. రెండు వారాలుగా రోజూ దానికి గుడ్లు ఉడికిన నీళ్ళు పోస్తున్నాను."

"పెరగాలనా?"

"చావాలని. దాన్ని బంగారం అన్నారుగా." ఫోన్ వెనక్కి దాచుకుంది. "తప్పు నాదేనండీ."