మాటలు: మూడు గంటలు

2005లో మేడ్చల్ హైవే పక్కన ధర్మేందర్ గారి కబోర్డుల కార్ఖానాలో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. అక్కడున్నది ఒకటే కంప్యూటరు, ఒకతే ఆపరేటరు. కంప్యూటర్ బల్ల ధర్మేందర్ గారి ఎత్తుకు చేసింది. ఆయన ఆరడుగులు, నేను అయిదడుగులకు రెండంగుళాలు తక్కువ. తల ఎత్తి చూసీ చూసీ నా మెడ పట్టేసేది. చేరి మూడు నెలలే కాబట్టి ఎవరితోనూ అనలేదు.

అప్పుడే ఆయన కొత్తగా డిజైన్ సాఫ్ట్‌వేర్ కొన్నారు. వంటిల్లు కొలతలిస్తే అది కబోర్డులు రంగుల్లో గీసి చూపిస్తుంది, ఎన్ని ప్లైవుడ్ షీట్లు పడతాయో చెబుతుంది, ధర కూడా కడుతుంది. కూలి ఎంతో మాత్రం మనమే దానికి నేర్పాలి. సొరుగు చెయ్యడానికి ఎంతసేపు, తలుపు బిగించడానికి ఎంతసేపు అని పనికో వరుస రాసి పెట్టాలి.

"శనివారం లోపల గా శామీర్‌పేటోళ్ల వంటింటికి గీ కంప్యూటర్లకెళ్లే కొటేషన్ రావాలె ధరణీ. ఆ ఆర్డర్ మంచిగ గాకుంటే గీ డబ్బా అమ్మేస్త. మల్ల నా డైరీల్నే రాసుకుంట," అన్నారు ధర్మేందర్ గారు.

డబ్బా పోతే నేనూ పోతాను. నొక్కితే సెకన్లు లెక్కపెట్టే గడియారం పట్టుకుని మా వడ్రంగి మేస్త్రి ఇస్తారి దగ్గరికి పరిగెత్తాను.

మొదటి రోజు ఇస్తారి ఒక్క సొరుగును పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ముగించాడు. ఎవరూ చూడని వెనక చెక్కకు కూడా పాలిష్ పెట్టాడు. ఇదేం చోద్యం అంటే, "పక్కకు మనిషి గడియారం పట్టుకోని నిలవడితే అల్కటి పని ఎట్ల జేస్త బిడ్డా? మర్యాద ఉండదా?" అన్నాడు. ఆ లెక్క ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ చెప్పిన ధరకు వంటిల్లు కాదు, అలియాబాద్‌లో ప్లాటే వచ్చేది.

రెండో రోజు ధర్మేందర్ గారు పక్కన నిలబడి "జల్దీ, జల్దీ" అని అరిచారు. పదకొండు నిమిషాల్లో సొరుగు తయారు. చక్కగా ఉంది, తెరుచుకోదంతే.

మూడో రోజు ప్లైవుడ్ షీట్ల వెనక దాక్కుని, దోమలు పీక్కు తింటుంటే ఉన్నదున్నట్టు రాశాను. కోత, అంచులు, బిగింపు అన్నీ సవ్యంగానే ఉన్నాయి. మధ్యలో ఒకావిడ కబోర్డులు చేయించుకుందామని వచ్చింది. ఇక చూడండి. ఇస్తారి ఉలి కింద పెట్టి ఆవిణ్ణి ఖాళీ బల్ల ముందు నిలబెట్టాడు.

"ఏదమ్మా, జర పప్పు రుద్ది చూపెట్టు."

ఆవిడ లేని కుండలో లేని పప్పును గుత్తితో మెదుపుతున్నట్టు రుద్దింది. ఈయన ఆవిడ మోచేతిని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత వాళ్లింట్లో అన్నిటికన్నా పెద్ద గిన్నె ఏదో అడిగాడు, పై డబ్బాలు ఎవరు దించుతారో అడిగాడు, అక్కణ్ణుంచి ఆవిడ ఆడపడుచు మోకాలి నొప్పి దాకా వెళ్లాడు. నాకు ఒళ్లు మండింది. ఇదా పని? కోపం కొద్దీ కొత్త వరుస పెట్టేశాను: "మాటలు: మూడు గంటలు". ఆ వరుసలన్నీ కొటేషన్ కాగితం మీద అచ్చవుతాయని నాకు తట్టలేదు.

శనివారం ఆ కాగితం లలితకుమారి గారి చేతిలో పడింది. వాళ్లది గోదావరి వైపు. శామీర్‌పేట దారిలో కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. భర్త చక్రపాణి గారిది తుర్కపల్లి ల్యాబులో ఉద్యోగం, వంటింటి కొలతలన్నీ ఆయనే రాసి పంపారు.

"మాటలకి మూడు గంటలేవిటండీ? మాటలక్కూడా డబ్బులివ్వాలా మేము?" అని ఆవిడ పెన్ను తీసి ఆ వరుస కొట్టేశారు. కిందే సంతకం పెట్టారు.

ఆర్డర్ వచ్చింది. బతికాననుకున్నాను.

"మాటలు కొట్టేసిన్రా? కాయిదం మీద లేదంటే లేదు," అన్నాడు ఇస్తారి, చాలా శాంతంగా. ఆ శాంతానికే నేను భయపడి ఉండాల్సింది.

వాళ్లింట్లో నాలుగు రోజులు పని చేశాడు. నోరు విప్పలేదు. రెండో రోజు లలితకుమారి గారు ఫోన్ చేశారు.

"మీ మేస్త్రికి మా మీద కోపవాండీ? టీ ఇస్తే దణ్ణం పెట్టి తాగుతున్నాడు. పంచదార సరిపోయిందా అంటే తలూపుతున్నాడు."

"అదేం లేదండీ, మాటలు రేటులో లేవు కదా," అన్నాను. ఎంత తెలివో నాకు!

నాలుగో సాయంత్రం మళ్లీ ఫోను. ఈసారి అరుపులు. ధర్మేందర్ గారు నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని వెళ్లారు. దారంతా ఒక్క మాట లేదు, ఆయనకీ అంటుకున్నట్టుంది. వంటిల్లు కాగితం మీద ఉన్నట్టే అచ్చు దిగింది. గీసిన ఎత్తులు మాత్రం పొడగరి చక్రపాణి గారికి అందేవి, వంట చేసేది ఆవిడ. ఆవిడ నాకన్నా పొట్టి. పీట ఎక్కినా పై అర అందడం లేదు. కింద అరల్లో ఆవకాయ జాడీ పట్టక నాలుగు జాడీలూ నేల మీద వరుసగా కూర్చున్నాయి.

"పైసా ఇవ్వను!" అన్నారావిడ. ధర్మేందర్ గారు నా వైపు చూశారు. కంప్యూటర్ అమ్ముడుపోవడం ఆ చూపులోనే కనిపించింది.

ఇస్తారి మాత్రం మూలన కూర్చుని బీడీ చెవి వెనక పెట్టుకున్నాడు.

"నీకు తెలవదా మేస్త్రీ, అమ్మకు అందదని?" అని ఉరిమారు ధర్మేందర్ గారు.

ఇస్తారి నన్ను చూసి వరుస కొట్టేసినట్టు గాల్లో గీత గీశాడు.

"బాబ్బాబూ, ఆ మూడు గంటల డబ్బూ ఇస్తాను, మాట్లాడవయ్యా!" అన్నారు లలితకుమారి గారు.

"మొదటి దినమే చూసిన," అన్నాడు ఇస్తారి. "అమ్మ పొట్టిగున్నది, జాడీలు పొడుగున్నయి. అడుగుడు కాయిదం మీద లేదాయె. అందుకే అన్నిటికీ రెండేసి స్క్రూలే గొట్టిన. ఇప్పుడు జల్ది ఇప్పొచ్చు. ఏదమ్మా, జర పప్పు రుద్ది చూపెట్టు."

ఆవిడ పప్పు రుద్దారు. ఆవిడ మోచెయ్యి ఎంత ఎత్తులో ఆడుతుందో చూసి ఇస్తారి గోడ మీద గీత పెట్టాడు. ఇస్తారి మూడు గంటలు కాదు, నాలుగు రోజుల బాకీ కలిపి మాట్లాడాడు. మర్నాడు మధ్యాహ్నానికి అరలు దిగాయి, జాడీలు లోపలికి వెళ్లాయి, ధర్మేందర్ గారికి డబ్బులు వచ్చాయి.

సోమవారం నేను "మాటలు" వరుసను కోతకన్నా పైకి, అన్నిటికన్నా ముందుకు జరిపాను. షీట్ల వెనక దాక్కుని నేను దండగ అని రాసుకున్నదే అసలు పని. సిగ్గేసింది. ఇస్తారిని పిలిచి ఆ వరుస చూపించాను.

"ఇగ మాట్లాడితే ఎక్కుతదా?"

"ఎక్కుతుంది మేస్త్రీ."

"అయితే గడియారం నొక్కు," అని నా పక్కన చతికిలబడి నా మోచేతిని చూశాడు. "మూడు నెలల సంది చూస్తున్న బిడ్డా. మెడ నొస్తాందా?"

నాకు ఏడుపొచ్చింది. తలూపాను.

"నోటితోని చెప్పు," అంటూ రంపం తీసుకుని బల్ల కింద దూరాడు.