నలభై దాటిన మనిషి

ఎమ్మిగనూరులో నేతపని చేసే రామలింగప్ప వంశంలో మగవాళ్ళు నలభై చూడలేదు. అందుకే ముప్పై ఏడో ఏట శ్రీశైలం నడిచి వెళ్ళి మల్లన్నకు మొక్కి వచ్చాడు. మగ్గం తమ్ముడు అయ్యన్నకు అప్పగించి, చావు కోసం అరుగు మీద కూర్చున్నాడు.

నలభై దాటాయి. చావు వచ్చింది కాని అతని దగ్గరికి రాలేదు. జర్మనీ యుద్ధం ముగిసిన ఏడు ఊరంతా జ్వరాలు తగిలి తమ్ముడు పోయాడు, వెనకాలే తన కొడుకూ పోయాడు. కోడలు హంపమ్మ, ఆమె పసిపిల్ల మహాదేవమ్మ మిగిలారు. రామలింగప్ప మళ్ళీ మగ్గం గుంతలోకి దిగాడు. పదహారేళ్ళయినా అందులోంచి బయటపడలేదు. మోకాళ్ళు పట్టేశాయి, పోగు కంటికి ఆనడం లేదు.

ఒకనాడు బడిపంతులు ఓబన్న ధోవతి కోసం వచ్చి, పత్రికలో చదివిన మాట చెప్పాడు.

"మన దేశంలో ఆయుస్సు సరాసరి తీస్తే ముప్పై కూడా రాదంట రామలింగప్పా. ఇంగ్లాండులో అరవై దగ్గరంట."

రామలింగప్ప చేతిలో పోగుల మధ్య ఆడే నాడె ఆగింది. "ఆ దేశపోళ్ళకు దేవుడు వేరేగా రాసినాడా అయ్యోరూ?"

"దేవుడేం రాయలేదప్పా. ఒకప్పుడు వాళ్ళకాడా ఇట్లే పోతాండ్రంట. మంచినీళ్ళు తెచ్చుకున్నారు, టీకాలు ఏయించుకున్నారు. మనకాడ పసిబిడ్డలే శానామంది పోతాండారు."

"అయితే నేను మా తమ్ముని ఆయుస్సూ, కొడుకు ఆయుస్సూ తింటాండానేమో."

"అట్ల గాదప్పా," అన్నాడు ఓబన్న. ధోవతి తీసుకుని బయలుదేరాడు.

ఆ వారంలోనే మశూచి టీకాలాయన వీధిలోకి వచ్చాడు. కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్న మనవరాలు మహాదేవమ్మ, బిడ్డను ఎత్తుకుని లోపలింట్లో దాక్కుంది. హంపమ్మ తలుపుకు అడ్డం నిలబడింది.

"అమ్మవారికి కోపమొస్తాది మామా. జ్వరం కూడా వస్తాదంట."

రామలింగప్ప గోడ పట్టుకుని గుంతలోంచి పైకి లేచాడు.

"వస్తే నేను చూసుకుంటా. శానామందిని కాటికి మోసినానమ్మా. ఇంగ నాతో కాదు. బిడ్డను ఇయ్యండి."

మహాదేవమ్మ ఏడుస్తూనే బిడ్డను తెచ్చి తాత చేతుల్లో పెట్టింది.

చెప్పినట్టే జ్వరం వచ్చింది. హంపమ్మ మామతో మాట మానేసింది. అతను మగ్గం వైపు పోకుండా తడిగుడ్డతో బిడ్డ నుదురు తుడుస్తూ కూర్చున్నాడు. ఈ బిడ్డ కూడా పోతే హంపమ్మ అడ్డం నిలబడిన ఆ తలుపులోంచి తనెట్లా బయటికి పోవాలో అతనికి తెలియలేదు.

నాలుగోనాటి పొద్దున బిడ్డ ఒళ్ళు చల్లబడింది. పాల కోసం గట్టిగా ఏడ్చింది. మహాదేవమ్మ పరుగున వచ్చి ఎత్తుకుంది. హంపమ్మ సంగటి ముద్ద పెట్టిన గిన్నె తెచ్చి మామ ముందుంచింది.

"తిను మామా."

"తింటాలేమ్మా. ముందు కాసేపు పండుకోనీ," అంటూ, మూడు రాత్రులుగా కన్ను మూయని రామలింగప్ప అక్కడే గోడవారగా నడుం వాల్చాడు.