నల్లరాయికి పూజ

మా నాన్న బలరాంది ఒకటే పట్టు. కొబ్బరికాయ కొట్టనిదే ఏ పనీ మొదలుపెట్టనివ్వడు. స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర చేసి రిటైరైన మనిషి. అక్కడ పూజ చేశాకే ఇనుము దిగేదట. ఎవరు కాదనగలరు?

మా అక్క కుముదిని జియాలజిస్టు. ఉతై ఊరికి అవతల, నేల లోతుల్లోని నల్ల పలకరాయిలో గ్యాస్ ఉందని ఏళ్ల తరబడి పోరింది. ఆఫీసులో నవ్వారు. చివరికి కంపెనీ ఒక్క బోరుకి ఒప్పుకుంది. అందులో చాలినంత గ్యాస్ కనబడకపోతే ఈ ప్రాంతాన్నే వదిలేస్తామంది.

ఆ రాయి పైకి రాగానే డబ్బాలో పెట్టి బిగించెయ్యాలి. బయట ఉన్నకొద్దీ అందులోని గ్యాస్ గాలిలో కలిసిపోతుంది. ఇది నాకు చెప్పింది అక్కే.

రాయి వచ్చిందని ఫోన్ రాగానే నాన్న నా వెనకాల స్కూటరెక్కాడు. మేముండే మరోదా నుంచి తిన్నగా ఉతై వెళ్లొచ్చుగా! బంతిపూలు అక్కడే బాగుంటాయని ఎదురు దిక్కునున్న పవర్ హౌస్ మార్కెట్‌కి పోనిమ్మన్నాడు. పువ్వులు బేరమాడుతూనే అక్కకి ఫోన్ చేశాడు.

"నేనొచ్చీవరకు ముట్టుకోకండమ్మా. పూజ లేకుండా మూతెట్టేస్తారేటి?"

రాళ్లు ఏరుకునే చదువని జీవితమంతా ఎగతాళి చేసిన నాన్న తొలిసారి అక్క పని చూడ్డానికి వస్తున్నాడు. అక్క కాదనలేకపోయింది. మేం చేరేసరికి రాయి ట్రేలో ఎండకు పడుంది. నాన్న ట్రేకి పసుపు రాసి, కాయ కొట్టి, ఇది నా కూతురు తీసిన రాయి అని పనివాళ్లందరికీ వాళ్ల హిందీలో చెప్పాడు. అక్క ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాతే డబ్బా బిగించారు.

కొలిస్తే గ్యాస్ అంతంతమాత్రం. ఎంత పోయిందో ఎవరూ చెప్పలేరు. ఆలస్యమైందని అక్కే ఒప్పుకుని ఇంకో బోరు అడిగింది. కంపెనీ వినలేదు, సామాను సర్దుకుని పోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నాన్నని కడిగెయ్యాలని లేచాను. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"చెప్పకురా వెంకట్. ఆయన నాకోసం వచ్చిందే ఒక్కసారి."

దాంతో మళ్లీ కూలబడ్డాను. నాన్నకి మాత్రం అక్క దిగులుగా ఉందన్న సంగతే తెలుసు. మొన్న ఆదివారం అన్నాల దగ్గర అక్క కంచంలో తనే పెరుగు వడ్డిస్తూ ఓదార్చాడు.

"నీ తప్పేటుందమ్మా? ఆ నేలలోనే ఏటీ లేదు. లేనిది నువ్వెక్కణ్నుంచి తెస్తావు?"

అక్క తలెత్తలేదు. పెరుగన్నం కలుపుతూ, "అవును నాన్నా, ఏమీ లేదు" అంది.