మొదటి మేకు

కత్తెర బాబాయి కుర్చీలోని పెద్దమనిషి ఎడమ చెంప నున్నగా గీసి, కుడి చెంపకు నురుగు పట్టించాడు. వీధి మొత్తానికి ఆయన కత్తెర బాబాయే. జుట్టు నెరిసేదాకా ఊరి జుట్టు కత్తిరించి, పక్క సందులో రెండు గదుల ఇల్లు కొన్నాడు. వచ్చే అద్దెతో కాస్త ఊపిరి పీల్చుకోవచ్చని దాన్ని ఒక నర్సమ్మకు అద్దెకిచ్చి, తాను షాపు వెనకాల అద్దె గదిలోనే ఉండిపోయాడు.

ఓనరయిన సంబరం ఇంకా తగ్గలేదు. కుళాయి కారుతోందని ఫోన్ వస్తే చాలు, కుర్చీలో మనిషిని వదిలేసి పరుగు తీస్తాడు. సగం కత్తిరించిన తలతో లేచిపోయినవాళ్ళు మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. అందుకే భార్య పట్టుబట్టి, అద్దె ఇళ్ళు చూసిపెట్టే మేనేజరును పిలిపించింది. నురుగులో ఉన్నది ఆయనే.

"అన్నీ నాకొదిలేయండి బాబాయ్. మీకసలు ఫోనే రాదు."

"ఒప్పేసుకో. మన పొయ్యి వెలిగేది కత్తెరతో, సుత్తితో కాదు," అంది భార్య, తువ్వాళ్ళు మడతపెడుతూ.

నిజమే. బాబాయి తలూపబోతుండగా ఫోన్ మోగింది.

"ఓనరుగారూ, గోడకి చిన్న మేకు కొట్టుకోవచ్చాండీ? మా అమ్మ ఫొటో ఉంది..." నర్సమ్మ నసిగింది.

"వద్దనండి! మొదటి రూలే అది," అన్నాడు మేనేజరు నురుగులోంచి.

ఆ నసుగుడు బాబాయికి బాగా తెలుసు. ఎన్ని ఇళ్ళలో తానూ అలాగే అడిగాడో! ఏ ఓనరూ మేకు కొట్టనివ్వలేదు. పెళ్ళిఫొటో ఇప్పటికీ బీరువా పక్కన నేలమీదే ఉంది.

"నువ్వు కొట్టకమ్మా," అన్నాడు. మేనేజరు మెచ్చుకోలుగా కళ్ళు మూసుకున్నాడు. "వేలు నలుగుతుంది. నేనొస్తున్నా."

సుత్తి పట్టుకుని గుమ్మం దాటేశాడు. మేనేజరు ఒంటిచెంప గడ్డంతో అద్దంలోకి చూస్తూ ఉండిపోయాడు. భార్య తల పట్టుకుంది, తరవాత పగలబడి నవ్వింది.

సొంత గోడకు మొదటి దెబ్బ తగలగానే బాబాయికి పట్టరానంత ఆనందం వేసింది. తిరిగొచ్చేసరికి భార్య చెయ్యి చాపి ఉంది.

"ఆ ఫోనిటియ్యి. ఇకనుంచి నేనెత్తుతా. కుళాయిలకి ప్లంబర్ని పంపిస్తా, మేకులకి నిన్ను పంపిస్తా."

"మేనేజరు దొరికేసిందండీ," అంటూ బాబాయి ఆ పెద్దమనిషి కుడి చెంప అందుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి నర్సమ్మకు బదిలీ అయింది. అమ్మ ఫొటోను చీరలో చుట్టుకుని, తాళాలు భార్య చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. ఇద్దరూ గదులు ఊడ్చారు. భార్య గోడ దగ్గర ఆగిపోయింది.

"మన ఫొటోకి ఇది ఆగుతుందా?"

"ఏనుగును తగిలించినా ఆగుతుంది. రేపే సామాను సర్దు."

కిటికీ పక్కన, తెల్లటి గోడమీద, కాస్త వంకరగా, ఒక్క మేకు.