చెంబెడు సముద్రం

శీనమ్మ పెరట్లో చింతపండు వేసి రాగిచెంబు తోముతోంది. అది ఎప్పుడో తళతళలాడిపోయింది, అయినా తోముతూనే ఉంది. రేపు తెల్లారి ఆ చెంబు ఆడబిడ్డ వరదమ్మతో చెన్నపట్నం పోతుంది. ఆరునెలల కిందట శీనమ్మతో పోయి వచ్చిందీ ఇదే.

"వదినా, సముద్రం చూడంగానే భయమేస్తాదా?" అని పక్కనే కూర్చుని బట్టలమూట కట్టుకుంటూ వరదమ్మ అడిగింది. ధాతనామ సంవత్సరపు కరువులో మొగుణ్ణి పోగొట్టుకుని పుట్టింటికి చేరిన పిల్ల, ఇంకా ఇరవై నిండలేదు. ఈ రెండేళ్లలో ఆ మొహాన నవ్వు కనబడటం ఇదే మొదలు. అది తన అబద్ధం తెచ్చిన నవ్వని తెలిసి శీనమ్మకు తలెత్తి చూడబుద్ధి కాలేదు.

కరువు తీరి, నాలుగు వానలు పడి, ఉదయగిరి చేలల్లో జొన్న ఇంటికి రాగానే మొగుడు మాల్యాద్రికి పట్నం మీద మనసు పుట్టింది. ముగ్గురు స్నేహితులు తోడయ్యారు. "అక్కడ ఎవురి చేతి కూడో తినలేం. నువ్వూ రా, నీకూ పట్నం చూపిస్తా" అన్నాడు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆత్మకూరు దాటని మనిషి, పొంగిపోయింది. అత్త కామాక్షమ్మ ఈ చెంబు చేతికిచ్చి, "సముద్రంలో మునిగే రాత నాకెట్టాగూ లేదు. చెంబెడు నీళ్లన్నా పట్టుకరా తల్లీ, నెత్తిన చల్లుకుంటా" అంది.

నెల్లూరు దాకా ఎద్దులబండి, ఆపైన కాలువ పడవ, దిగాక సత్రం వెనక పొగచూరిన వంటకొట్టు. శీనమ్మ చూసిన చెన్నపట్నం అక్కడితో సరి. మగవాళ్లు పొద్దున్నే సద్ది కట్టించుకుని సముద్రపొడ్డు దీపస్తంభం చూడటానికీ, పులుల్ని పెట్టిన తోటకీ, చచ్చిన జంతువుల్లో గడ్డి కూరి నిలబెట్టిన మేడకీ పోయేవాళ్లు. సాయంత్రం ఇసక కాళ్లతో వచ్చి ఆమె అలికిన నేల మీద చతికిలబడేవాళ్లు. "ఆ గాలి ఉండాదే, ప్రాణం లేచొస్తాది" అంటూ మారు వడ్డించుకునేవాళ్లు. ఆ గాలి మూడు వీధుల అవతలే ఉంది. ఎనిమిది రోజులూ శీనమ్మ పొయ్యి ఊదుతూ సముద్రం హోరు విన్నది. "రేపు తీసకపోతాలే, అది యాడికి పోతాది?" అనేవాడు మొగుడు. నిజమే, సముద్రం ఎక్కడికీ పోలేదు. శీనమ్మా పోలేదు.

ఆఖరి రోజు పెందలాడే వంట ముగించి, తల దువ్వుకుని, చెంబు ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు వాళ్లొచ్చారు, వెంట ఇంకో ఇద్దరు. "ఇంకో రెండు సోలల బియ్యం పడెయ్యి" అన్నాడు మాల్యాద్రి. మర్నాడు పొద్దు పొడవకముందే పడవ. ఖాళీ చెంబుతో అత్త ముందు ఎలా నిలబడటం? సత్రం బావిలో నీళ్లు ముంచి, వంటకు మిగిలిన గళ్లుప్పు గుప్పెడు వేసి, కలియబెట్టి, మూతికి గుడ్డ కట్టింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇది మరీ బాగా అతికింది.

అత్త ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, "ఉప్పగా ఉండాది, సముద్రుడే!" అని కళ్లకద్దుకుంది. కరువులో పోయిన వాళ్లందరి పేర్లూ ఒక్కొక్కటే తలుచుకుని ఏడుస్తూ నీళ్లు చల్లుకుంది. వీధి ఆడవాళ్లంతా వచ్చి తలలు వంచారు. ఆ పూట నేల చీలితే శీనమ్మ అందులో దిగిపోయేది. అది చీలలేదు గనక వాళ్లడిగినవాటికి జవాబులు చెప్పుకుంటూ పోయింది. అలల ఎత్తూ, గాలీ, పులి గర్జింపూ, మొగుడు అన్నం తింటూ చెప్పినవన్నీ తను చూసినట్టే చెప్పింది. పక్కనే ఉన్న మాల్యాద్రి అన్నీ విని మీసం దువ్వుకున్నాడు. ఆమె ఏదీ చూడలేదన్న సంగతే ఆయనకు గుర్తు లేదు.

ఇప్పుడు స్నేహితులు మళ్లీ బయల్దేరారు. శీనమ్మకు ఐదో నెల. "ఈ తూరి చెల్లెలొస్తాదిలే" అన్నాడాయన.

కామాక్షమ్మ చిన్న బుడ్డి ఒకటి పట్టుకుని పెరట్లోకి వచ్చింది. "నువ్వు తెచ్చిన సముద్రమే, రెండు చుక్కలు దాచిపెట్టినా. బిడ్డ చల్లంగా ఉండాల, కడుపు మీద చల్లుకోవే" అంది.

శీనమ్మ చేతిలో చెంబు ఆగింది. సిగ్గుతో చెవులు మండాయి. ఆ నీళ్లు బిడ్డ మీద కూడా పడతాయా? వరదమ్మ కూడా రేపు అదే బావి దగ్గర నిలబడి ఉప్పు కలుపుతుందా?

"అది సముద్రం కాదత్తా. సత్రం బావి నీళ్లు. ఉప్పు నేనే వేసినా."

ముసలామె చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. "ఏందే నువ్వనేది?"

"నేను సముద్రం చూళ్లేదు. ఎనిమిది దినాలు పొయ్యి ముందర కూచోని వచ్చినా. మీకందరికీ అబద్ధం చెప్పినా. వరదమ్మా, రేపు నువ్వు చూడబొయ్యేదీ ఆ పొయ్యినే."

వీధి అరుగు మీంచి మాల్యాద్రి లేచి వచ్చాడు. అంతా విన్నట్టే ఉంది. తిడతాడో, చెయ్యే చేసుకుంటాడో అని శీనమ్మ ఒళ్లు బిగబట్టుకుంది. తల మాత్రం దించలేదు. ఆయన ఆమె వంక చూడనే లేదు. చెల్లెలి ఒళ్లో మూట వంక చూశాడు.

"ఇదిట్టా చెప్తే అది వస్తాదా? మరి మాకు వంటెవురు చేస్తారు?"

వరదమ్మ కట్టిన మూట విప్పి, చీర తీసి, మళ్లీ దండెం మీద వేసింది.