సంస్కృతి రోజు

నేను వాకిట్లో కూర్చుని కొబ్బరి కోరుతున్నాను. మా ఆయన షామే ఫోను చెవికి ఆనించుకుని నా చుట్టూ తిరుగుతున్నాడు. అవతల ఎవరో దూరదేశపు ఆవిడ. స్నేహితులతో కలిసి సెలవులకు మా పెంబా దీవికి రావాలనుకుంటోందట. ఎప్పుడొస్తే బాగుంటుందని అడిగినట్టుంది, ఆయన ఫోను మీద అరచెయ్యి మూసి నా వైపు గడ్డం ఎగరేశాడు.

"సగం చందమామ ఉన్న వారంలో రమ్మనండి," అన్నాను. "పౌర్ణమికి వస్తే ప్రవాహం లాగేస్తుంది. నీళ్ళలో మునిగేవాళ్ళు బెదిరిపోతారు."

ఆయన చెయ్యి తీశాడు. "నా అనుభవంలో, మేడమ్, సగం చందమామ ఉన్న వారమే మంచిది..."

నేను కోరుతూనే ఉన్నాను. దిగగానే సముద్రంలోకి తోసెయ్యకండి, ఒకరోజు ఇసుకలో పడుకోనివ్వండి. మిసాలి దీవికి పొద్దున్నే బయల్దేరాలి, గాలి లేవకముందే. శుక్రవారం పడవ పెట్టుకోకండి, పడవ నడిపే కోంబో నమాజుకు పోతాడు. ఒక్కో ముక్కా నా నోట్లోంచి ఆయన చెవిలోకి, అక్కణ్ణించి ఫోనులోకి వెళ్ళింది, ప్రతిసారీ ముందు 'నా అనుభవంలో' తగిలించుకుని. చివర్లో ఆవిడ ఇంకేదో అడిగింది. ఆయన పకపకా నవ్వాడు. "మా ఆవిడా? వంటిల్లు దాటితే ఆమెకేం తెలుసు మేడమ్! సముద్రం అంతా నేనే చూసుకుంటాను."

ఆ మాటా ఇంగ్లీషులోనే అన్నాడు. నాకు ఇంగ్లీషు రాదని ఆయన నమ్మకం.

నాకు వచ్చు. ఇన్నేళ్ళుగా గదులు ఊడుస్తూ, దుప్పట్లు మారుస్తూ, ఇసుక కాళ్ళతో తిరిగేవాళ్ళ వెనకాలే నేల తుడుస్తూ విన్న భాష అది. మాట్లాడమంటే తడబడతాను గానీ అర్థం చేసుకోవడానికి తడబాటు లేదు. అర్థమవుతుందని ఎందుకు చెప్పలేదంటే, చెబితే నా ముందు మాట్లాడటం మానేస్తారు. తెలియనట్టు ఉంటే నాకు ఈ ఇంట్లో ఒక కిటికీ తెరిచి ఉంటుంది. దాంట్లోంచి కనిపించేది బాగోకపోయినా, గాలి ఆడుతుంది కదా.

మాది సముద్రం ఒడ్డున నాలుగు గదుల ఇల్లు. పగడపు రాయితో కట్టిన గోడలు, తాటాకు కప్పు. ముందు మేం ఒక్క గదిలో సర్దుకుని మిగతావి అతిథులకు ఇచ్చేవాళ్ళం. తర్వాత ఆ ఒక్క గదీ ఇచ్చేసి వంటింటి వెనక చావడిలోకి మారాం. మా అత్త బి రుకియాకు మాత్రం వీధి వైపు రాతి అరుగు శాశ్వతం. అక్కడ కూర్చుని తాటాకు చాప అల్లుతూ వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ పలకరిస్తుంది. "నా కొడుకు హోటలు నడుపుతున్నాడు," అంటుంది. నడిపేది ఎవరి కాళ్ళో అడిగినవాళ్ళు లేరు. నా పేరు రిజికి. దేవుడు నోటికి అందించే తిండి అని మా భాషలో అర్థం. "పేరు సార్థకమైంది," అని పెళ్ళయిన కొత్తలోనే నవ్వింది మా అత్త. "నలుగురి నోటికీ అందించు, నీది చివర చూసుకుందువు."

చివర అంటే నిజంగానే చివర. అతిథులు తిన్నాక, ఆయన తిన్నాక, అత్త తిన్నాక, గిన్నెలకు అంటుకున్నది నేను తింటాను. అన్నం అప్పటికి చల్లారి రాయిలా ఉంటుంది. దాని గురించి నేను ఎప్పుడూ ఏడవలేదు. నిజం చెప్పాలంటే, దాని గురించి ఆలోచించే తీరిక కూడా దొరకలేదు.

ఈ సంస్కృతి రోజు అనేది కిందటేడు మొదలైంది. "వీళ్ళకి సముద్రం ఒక్కటే చాలదు రిజికీ, సంస్కృతి కావాలంటున్నారు," అన్నాడు ఆయన. నాకు ఉత్సాహం వచ్చింది. లవంగాలు కోసే చోటికి తీసుకెళ్దాం, చాపల మీద ఎండబోసిన లవంగాల వాసన చూపిద్దాం, మా పిన్నిగారి ఊళ్ళో ఎడ్ల ఆట ఉంటే అది చూపిద్దాం అని చెప్పుకుపోయాను. ఆయన విననే లేదు. "ఎండలో ఎవడు తిరుగుతాడు? సంస్కృతి మనింట్లోనే ఉంది. నువ్వు." నువ్వు అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన నోట అంత పెద్ద మాట వినలేదేమో, ఒక్క క్షణం నాకు ఒళ్ళు పులకరించింది కూడా.

తీరా చూస్తే అది ఇదీ. స్వాహిలీ ఇల్లాలు భర్తను ఎలా ఆదరిస్తుందో చూపించడం. అతిథులంతా చాపల మీద కూర్చుంటారు. ఆయన తెల్లని పొడుగు అంగీ వేసుకుని, కుట్టుపని టోపీ పెట్టుకుని గుమ్మంలో నిలబడి "హోడి" అంటాడు, లోపలికి రావచ్చా అని. సొంత ఇంటికి సెలవడుగుతూ! నేను పరుగెత్తుకెళ్ళి చెప్పులు విప్పాలి, చెంబుతో నీళ్ళు పోసి చేతులు కడగాలి, అంగీ కింద సాంబ్రాణి పొగ పట్టాలి, మొదటి ముద్ద నోట్లో పెట్టాలి. కెమెరాలు టకటకలాడతాయి. ఒకసారి ఒక ముసలావిడ నన్ను సూటిగా చూసి, "ఆయన కూడా మీకు ఇలా చేస్తాడా?" అని అడిగింది. ఆయన అది మా భాషలో నాకు చెప్పాడు. "ఒక్కసారి కూడా లేదు," అన్నాను. ఆయన ఆవిడ వైపు తిరిగి, "భర్తకు సేవ చెయ్యడంలోనే తన సంతోషం ఉందంటోంది," అన్నాడు. ఆవిడ చెయ్యి గుండె మీద పెట్టుకుంది. నా మాట నా ఎదురుగానే చచ్చిపోయింది, దాని చోట ఇంకో మాట నా మొహంతో కూర్చుంది.

ఫోను చేసిన ఆవిడ పేరు మార్తా. చెప్పినట్టే సగం చందమామ వారంలో ఒక గుంపుతో దిగింది. మంచివాళ్ళే, గలగలా నవ్వేవాళ్ళు. సముద్రంలో మునిగొచ్చిన రోజు భోజనం దగ్గర తాబేలు గురించి చేతులు తిప్పుతూ చెప్పుకున్నారు. సంస్కృతి రోజు పొద్దున గంజి వారుస్తుంటే మూత జారి వేడి గంజి నా మణికట్టు మీద పడింది. ఒంటికి చుట్టుకునే పాత కంగా గుడ్డ చింపి కట్టుకున్నాను. ఆయన టోపీ సర్దుకుంటూ వచ్చి చూశాడు.

"ఇదేంటి?"

"కాలింది."

"ఆ పేలిక తీసెయ్యి. ఫోటోల్లో అసహ్యంగా ఉంటుంది."

తీసేశాను. చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. ఆయన దాన్ని చూశాడు, గాజులు వేసుకుంటే కనపడదని చెప్పి బయటికి వెళ్ళాడు. నేను పొయ్యి దగ్గర నిలబడి ఆ మణికట్టు వైపే చూస్తూ ఉన్నాను. నాకు కోపం వచ్చిందనుకుంటారు. కోపం కాదది. ఒక లెక్క తేలినట్టు ఉంది, అంతే. తలలో ఎప్పుడూ ఉండే గోల ఆగింది.

బయట ఆయన "హోడి" అన్నాడు. నేను పరుగెత్తలేదు. అతిథుల ముందుకి నడిచి వెళ్ళి ఇంగ్లీషులో నోరు విప్పాను. "ఈరోజు వేరే ఆచారం. ఈరోజు భర్త. భార్య బయటి నుంచి వస్తుంది. భర్త ఎలా ఆదరిస్తాడో... మీరు చూడండి." మాటలు ఒకదాని కాలు ఒకటి తొక్కుకున్నాయి, అయినా అందరికీ అందాయి. మార్తా చప్పట్లు కొట్టింది. గుమ్మంలో ఆయన పక్కనుంచి బయటికి దాటి, వెనక్కి తిరిగి, నేను గట్టిగా "హోడి" అన్నాను.

కెమెరాలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆయన మొహం మీద అతిథుల కోసం పెట్టుకున్న నవ్వు ఇంకా అలాగే ఉంది. తీసెయ్యడానికి వ్యవధి దొరకలేదు పాపం.

"నీకు ఇంగ్లీషు ఎప్పుడొచ్చింది?" అన్నాడు పళ్ళ మధ్యనుంచి. "పిచ్చి పట్టిందా?"

"నవ్వండి. ఫోటో తీస్తున్నారు."

"చెంబు ఎక్కడుంది?"

"రోజూ ఎక్కడుంటుందో అక్కడే."

అది ఎక్కడో ఆయనకు తెలియదు. వంటింట్లో గిన్నెలు దొర్లిన చప్పుడు విని అందరూ నవ్వారు. అరుగు మీద నుంచి మా అత్త లేవబోయింది, "ఉండరా నాయనా, నేను తెస్తా," అంటూ. "మీరు కూర్చోండి బి రుకియా," అన్నాను. "ఇది మొగుడి పని." ఆవిడ మళ్ళీ అరుగు మీద కూలబడింది.

ఆయన నా ముందు వంగి చెప్పులు విప్పాడు. నీళ్ళు పోశాడు. సగం చాప మీద పడ్డాయి, సగం నా చేతుల మీద. కాలిన చోట చల్లగా తగిలాయి. చిన్నప్పుడు మా అమ్మ పోసిన తర్వాత నా చేతుల మీద ఇంకొకరు నీళ్ళు పొయ్యడం ఇదే. చచ్చిపోయాక ఆడవాళ్ళు కడుగుతారు కదా, అప్పటిదాకా ఆగాలేమో అనుకునేదాన్ని. కొబ్బరిపాల చేప కూరలోంచి తల ముక్క తీసి మొదటి ముద్ద నా నోట్లో పెట్టాడు. పొగలు కక్కుతోంది. నా వంట ఇంత బాగుంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. సిగ్గు లేకుండా రెండో ముద్దకి నోరు తెరిచాను.

అతిథులు స్నానాలకు లేచి వెళ్ళాక ఆయన నా మీద విరుచుకుపడతాడనుకున్నాను. దానికి సిద్ధంగానే ఉన్నాను. ముందు మా అత్తే మొదలుపెట్టింది. "నా కొడుకు చేత చెప్పులు మోయించావు! ఊళ్ళో తల ఎత్తుకోవాలా వద్దా మేము?"

"ఊరుకోవే అమ్మా," అన్నాడు ఆయన. కళ్ళు మెరుస్తున్నాయి. "వాళ్ళు ఎలా నవ్వారో చూశావా? ఇకనుంచి రెండూ పెడదాం. ముందు భార్య, తర్వాత భర్త. నేను గిన్నెలు దొర్లించడం వాళ్ళకి బాగా నచ్చింది. రిజికీ, నీ బుర్రకి ఈ ఆలోచన ముందే రాకూడదటే?"

కొట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. నా తిరుగుబాటును పళ్ళెంలో పెట్టి అతిథులకు వడ్డిస్తానంటున్నాడు మనిషి. రేపో మాపో ఫోనులో చెబుతాడు కూడా, 'నా అనుభవంలో, మేడమ్, భార్యను గౌరవించాలి' అని.

"రేపు వాళ్ళు మళ్ళీ మిసాలి పోతారు," అన్నాను. "ఇంట్లో చూసేవాళ్ళెవరూ ఉండరు. రేపు కూడా నాకు నీళ్ళు పోస్తారా?"

ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "చూసేవాళ్ళు లేనప్పుడు ఎందుకే?"

సరే అన్నాను. ఆ సరే అన్న మాటకి అర్థం ఆయన అడగలేదు.

తెల్లారి పడవకు తిండి కట్టాను. చపాతీలు, వేయించిన చేప, మామిడి ముక్కలు. నాకు కూడా కట్టుకున్నాను. ఇంటి పొయ్యి మాత్రం అంటించలేదు. అతిథుల వెనకే నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకుంటే కోంబో గుడ్లు తేలేశాడు. నాకు పినతల్లి కొడుకు వాడు. "అక్కా, బి రుకియా చూస్తే నన్ను చంపేస్తుంది!"

"ముందు నన్ను చంపాలి కదరా. చెయ్యి ఇవ్వు."

నీళ్ళలో మునగడం నేర్పే జువేన మా ఊరి పిల్లే. తల మీద ముసుగు బిగించుకుని గాలి సీసాలు సర్దుతోంది. నన్ను చూసి పక్కకు జరిగింది. "ఇటు కూర్చో అక్కా, అటు ఎండ," అంది. వెనక ఒడ్డు మీద మా ఆయన "రిజికీ! రిజికీ!" అని కేకలు పెడుతున్నాడు. కోంబో నా మొహం చూశాడు. నేను తెరచాప వైపు చూశాను. వాడు తాడు లాగాడు.

చిన్నప్పుడు నేను చేపపిల్లలా ఈదేదాన్ని. పెద్దమనిషినయిన రోజు మా అమ్మ, తడిబట్టతో మగవాళ్ళ కంట పడకూడదని చెప్పి, ఒడ్డు మీద ఒక గీత గీసింది. ఆ తర్వాత ఆక్టోపస్‌లు ఏరడానికి సముద్రం పాటు తీసినప్పుడు మోకాలి లోతు దాకా వెళ్ళడమే. మిసాలి దగ్గర జువేన నా కళ్ళకు అద్దం కట్టింది, ఊపిరి గొట్టం నోట్లో పెట్టింది. "మర్చిపోయానేమో," అన్నాను. "ఒళ్ళు మర్చిపోదు అక్కా," అంది. రెండు కంగాలు ఒంటికి బిగించి కట్టుకుని జారాను. మర్చిపోలేదు.

నీళ్ళ కింద ఏముందో నేను వాళ్ళకీ వీళ్ళకీ ఎన్నిసార్లు చెప్పించానో! విన్న మాటలే అవన్నీ. పగడాలు, పసుపు చారల చేపలు, అన్నీ ఉన్నాయి. కానీ ఎవరూ చెప్పనిది ఒకటుంది. అక్కడ ఎవరూ పిలవరు. 'రిజికీ, టీ. రిజికీ, తువ్వాలు. రిజికీ, నా టోపీ ఎక్కడ?' ఏదీ లేదు. నా ఊపిరి నాకే వినిపించింది. ఇన్నేళ్ళూ అది నాలోనే ఆడుతోందని తెలిసి ఏడుపొచ్చింది. అద్దం లోపల కన్నీళ్ళు, బయట సముద్రం. రెండూ ఉప్పే కదా, ఏం ఫరవాలేదనుకున్నాను. మధ్యాహ్నం ఇసుకలో కూర్చుని జువేనతో కలిసి తిన్నాను. ఆపకుండా, ఎవరికీ వడ్డించకుండా తిన్నాను.

పొద్దు వాలుతుండగా, అసర్ నమాజు వేళకి ఒడ్డుకి చేరాం. ఒంటి మీద కంగాలు సగం ఆరి ఉప్పుకి బిరుసెక్కాయి. ఇంటి ముందు మా ఆయన మెట్టు మీద, మా అత్త అరుగు మీద కూర్చుని ఉన్నారు. పొయ్యిలో నిన్నటి బూడిద అలాగే ఉంది. పక్కింటి ఆడవాళ్ళు గోడ మీదుగా తొంగి చూస్తున్నారు.

"తిరిగొచ్చావా తల్లీ," అంది మా అత్త. "పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు మేము. మా కడుపు సంగతి ఎవరు చూస్తారనుకున్నావు?"

"ఇల్లు వదిలి ఊరేగడానికి నీకేం వచ్చిందే?" అన్నాడు ఆయన. గొంతు పెద్దదిగానే ఉంది గానీ చూపు నా తడి జుట్టు మీద నిలవలేక అటూ ఇటూ పోతోంది. "ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి నాకు."

నేను కాళ్ళకంటిన ఇసుక దులుపుకుని, మెట్లెక్కి, ఎప్పుడూ అతిథులు కూర్చునే చాప మీద వాళ్ళకెదురుగా కూర్చున్నాను.

"సముద్రంలో ఈదొస్తే నాకూ ఆకలేస్తోంది," అన్నాను. "ఏం వండుతారు?"